ఫైనల్ జరుగుతుండగా, వరండాలోంచి

నన్ను హాల్లోంచి గెంటించింది నువ్వే. దేశంలోని కాలేజీలన్నీ తలపడే క్విజ్‌లో మా నలుగురు పిల్లలు ఫైనల్ ఆడుతుంటే, వాళ్ళను తయారుచేసిన లెక్చరర్‌ని నేను, మూసిన తలుపు బయట కూర్చుని ఈ కార్డు రాస్తున్నాను.

ఉదయం సెమీఫైనల్లో "ఇల్లాలి చాకిరీ తగ్గించిన యంత్రమేది?" అని అడిగారు. మా కెప్టెన్ పిల్ల బజర్ నొక్కి, వాషింగ్ మెషీన్ అని సరిగ్గానే చెప్పింది. నేను ఊరుకోలేదు. మాసిన బట్టలు ఇంటిల్లిపాదివీ అయినప్పుడు చాకిరీ ఇల్లాలి ఒక్కదానిదే ఎలా అయిందని లేచి నిలదీశాను. పావుగంట వాదించాక జడ్జీలు నాదే న్యాయమని ఒప్పుకుని ప్రశ్నను రద్దు చేశారు. దాంతోపాటు మా పది పాయింట్లూ రద్దయ్యాయి. చచ్చీచెడీ ఐదు పాయింట్ల తేడాతో గట్టెక్కాం.

"మేడమ్, మీరు ఇంకొక్కసారి గెలిస్తే మేం ఇంటికెళ్ళిపోతాం" అంది కెప్టెన్. అని ఊరుకుందా, నీకు ఫోన్ చేసింది. "చేతికో కార్డూ పెన్నూ ఇచ్చి బయట కూర్చోబెట్టమ్మా, అరగంట నోరెత్తదు" అన్నావట. ఇరవై ఏళ్ళ కాపురంలో నా గురించి నువ్వు నేర్చుకున్నది ఇదన్నమాట. లోపల బజర్ మోగుతోంది. ఎవరు నొక్కారో తెలియక గోళ్ళన్నీ కొరికేశాను.

అత్తయ్యకి నమస్కారాలు చెప్పు. నేను వచ్చేసరికి:

ఒకటి, అత్తయ్య కళ్ళజోడు బాగుచేయించి ఉండాలి.

రెండు, మాసిన బట్టలు నువ్వే ఉతికి, ఆరేసి, మడతపెట్టి ఉండాలి.

మూడు, పిల్లలు గెలిస్తే అది నీ సలహా వల్లేనని జన్మలో అనకూడదు.