చేతులు వెనక్కి కట్టుకుని

పుణె

అక్కకు,

నీ కాళ్లకు మొక్కి రాస్తున్నాను. ఎల్లారెడ్డిలో నువ్వూ బావా బాగున్నారా? నీ మెడనొప్పి తగ్గిందా? చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా వంగి బీడీలు చుడితే ఎలా తగ్గుతుంది, నడుమ నడుమ లేచి తిరుగు. నేను బాగానే ఉన్నాను, రంది పెట్టుకోకు.

ఇక్కడ ఒకటే ముసురు. బట్టలు ఆరడం లేదు. మెస్సులో రోజూ చపాతీ, బెల్లం వేసిన పప్పు. ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే పుంటికూర తొక్కు పంపించు. మద్నూర్ హాస్టల్లో మరాఠీ పిల్లలతో ఉండి అబ్బిన మరాఠీతో పని నడుస్తోంది కానీ, మనసులో మాట చెప్పుకోవడానికి అది చాలదు. సెలవురోజున, పొద్దున్నుంచి నోరు విప్పలేదని సాయంత్రం చాయ్ అడిగినప్పుడు తెలుస్తుంది. అయినా బాగానే ఉన్నానులే.

నా పని ఏందని పక్కింటి లచ్చవ్వ అడుగుతోందన్నావు. కాలేజీలో పాఠాలు చెప్పే సార్లకు, మేడాలకు కంప్యూటర్ పనుల్లో సాయం చేయడం. పాఠం వీడియో తీయాలన్నా, పిల్లలకు పంపాలన్నా నన్నే పిలుస్తారు. ఉరికి వెళ్లి, "జరగండి మేడం" అని మౌసు అందుకుని రెండు నిమిషాల్లో చేసిపెట్టి వస్తాను. నాకంటే చురుకైనవాడు లేడని పొగరు కూడా ఉండేది.

పోయిన వారం మాలాంటి వాళ్లకు శిక్షణ పెట్టారు. కొత్త మిషన్లేవో చూపిస్తారనుకున్నాను. నేర్పే ఆవిడ మాత్రం, "మీరు రోజూ సాయం చేసే టీచరును పిలుచుకుని పక్కన కూర్చోబెట్టుకోండి. మీ చేతులు వెనక్కి కట్టుకోండి. ఇక నోటితోనే చెప్పాలి," అంది. నేను కులకర్ణి మేడాన్ని పిలిచాను. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. పాఠం రికార్డు చేయడానికి రోజూ నన్ను పిలుస్తారు.

మేడం రికార్డు గుర్తు కోసం తెరంతా వెతుకుతుంటే నా వేళ్లు ఆగలేదక్కా. రెండుసార్లు చెయ్యి ముందుకొచ్చింది, రెండుసార్లూ తిట్లు తిన్నాను. చివరికి మేడమే నొక్కారు. తన గొంతు తనకే వినబడితే చిన్నపిల్లలా నవ్వారు. తర్వాత మెల్లగా అన్నారు, "ఇన్నాళ్లూ నువ్వే చేసిపెడుతుంటే, ఇక నాకు చేతకాదనే అనుకున్నాను."

బయటికొచ్చి ఏడ్చాను. నువ్వు గుర్తొచ్చావు.

నేను కొనిచ్చిన ఫోన్ పట్టుకుని, "నాకు గూడ జర నేర్పురా నర్సిం," అని నువ్వు అడిగినప్పుడల్లా, "ఇటియ్యక్కా, నీకు రాదు," అని గుంజుకునేవాణ్ణి. కొన్నాళ్లకు అడగడమే మానేశావు. కామారెడ్డి స్టేషన్లో నన్ను రైలెక్కించిన నాటి నుంచి ప్రతిసారీ నేనే ఫోన్ చేశాను. నీ దగ్గర్నుంచి ఒక్కసారీ రాలేదు. పోయిన నెల కోపంతో అడిగితే ఏమన్నావు? "నాకు రాదంటివి గదరా. ఏది నొక్కితే ఏం చెడిపోతదో అని ముట్టుకుంటలేను." అప్పుడు నాకు అర్థం కాలేదు.

లచ్చవ్వకు బీడీలు చుట్టడం నేర్పింది నువ్వే కదా. ఆమె ఎన్ని ఆకులు చింపినా నువ్వు చెయ్యి పెట్టలేదు. "చుట్టవ్వా, చినిగితే ఇంకో ఆకు లేదా," అనేదానివి. ఆ శిక్షణ నేను మన అరుగు మీదే తీసుకోవాల్సింది. తప్పు నాదే, మన్నించు.

ఫోన్ చెవి దగ్గర ఉంటే నొక్కడం కుదరదు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. ఇది పక్కన పెట్టుకో. తెల్ల ఫోన్ బొమ్మ ఉన్న పచ్చ గుర్తు నొక్కు. నా ఫొటో కనబడుతుంది, దాని పక్కన నా పేరు నొక్కు. ఇప్పుడు పైన చిన్న కెమెరా బొమ్మ ఉంటుంది, అది నొక్కు. మూడు బొమ్మలూ కింద గీశాను. తప్పు నొక్కితే వెనక్కి వచ్చి మళ్లీ నొక్కు. ఏమీ చెడిపోదు. బావ చేతికి మాత్రం ఇవ్వకు.

బావకు నమస్కారాలు, లచ్చవ్వను అడిగానని చెప్పు. నీ దీవెన ఉంటే నాకు ఇక్కడ ఏ లోటూ లేదు. కానీ నీ ముఖం చూడాలని ఉందక్కా.

ఈ ఉత్తరం ఎప్పుడు చేరుతుందో తెలియదు. అందుకే ఇకనుంచి ప్రతి ఆదివారం పొద్దున పదింటికి ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంటాను. నేను చేయను. నువ్వు చేసేదాకా చేతులు వెనక్కి కట్టుకునే ఉంటాను.

నీ తమ్ముడు
నర్సింలు