రెండో బిరడా

కొచ్చి,
ఆదివారం సాయంత్రం

అన్నయ్యకు, వదినకు, అమ్మకు సుగుణ వందనాలు.

దేవుని దయ వల్ల నేనిక్కడ బాగున్నాను. ఇంకేమీ చెప్పకముందే ఈ మాట రాస్తున్నాను. ఆ రోజు ఫోన్లో నేను ఏడ్చిన ఏడుపుకి నువ్వు ఇంకా కుదుటపడి ఉండవు. బాగున్నానన్నయ్యా, నిజంగానే బాగున్నాను. అన్నం తింటున్నాను, నిద్ర పోతున్నాను, ఉద్యోగం కూడా ఉంది.

మీరంతా ఎలా ఉన్నారు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నూనె రాస్తే సరిపోదు, దర్శి తీసుకెళ్ళి డాక్టరుకి చూపించు. కల్లంలో మిరపకాయలు ఎండాయా? మబ్బు పట్టిందని వదిన చెప్పిన దగ్గర నుంచి నాకు అదే దిగులు. పట్టాలు కప్పారా? కీర్తన బడికి సరిగ్గా వెళుతోందా, ఇంకా కడుపునొప్పి నాటకాలే ఆడుతోందా?

అన్నీ ఫోన్లో చెప్పొచ్చు కదా అని నువ్వంటావు. కానీ అమ్మ మొన్న ఏమందో తెలుసా? "ఫోన్లో చెప్తే ఏముందే, పెట్టేయగానే అయిపోద్ది. కాయితం మీద రాస్తే మీ వదిన చేత ఎన్నిసార్లయినా చదివించుకుంటా" అంది. అందుకని రాస్తున్నాను. పైగా ఆ రోజు నీ మాట మధ్యలో ఫోన్ ఎందుకు కట్ చేశానో, నువ్వెన్నిసార్లు చేసినా ఎందుకు ఎత్తలేదో ఫోన్లో చెప్పేది కాదు. సాయంత్రం నేనే చేసి "పని చక్కబడింది అన్నయ్యా, తర్వాత చెప్తా" అని పెట్టేశాను. ఆ తర్వాత కథ ఇది. వదినా, అమ్మకి నిదానంగా చదివి వినిపించు.

ముందు ఇక్కడి సంగతులు. ఎండ మన ఎండలాంటిది కాదు. మనది కాలుస్తుంది, ఇది ఉడకబెడుతుంది. ఉతికిన బట్ట ఆరదు. అన్నం మెతుకులు లావుగా ఎర్రగా ఉంటాయి, మొదట్లో గొంతు దిగేది కాదు, ఇప్పుడు అలవాటైంది. ప్రతి కూరలోనూ కొబ్బరే. నేనుండే ఇంటి ఓనరమ్మ మంచావిడ. నన్ను "మోళే" అని పిలుస్తుంది, అంటే కూతురా అని. నేను ఆలస్యంగా వస్తే చేపల పులుసు గిన్నె మీద మూత పెట్టి నా గది ముందు ఉంచుతుంది. అమ్మా, నువ్వు నా తిండి గురించి బెంగ పెట్టుకోవద్దు. మొన్న బజారులో ఒక కొట్టు ముందు గుంటూరు మిరపకాయల బస్తా కనబడింది. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వంగి వాసన చూశాను, తుమ్ములు ఆగలేదు. కొట్టాయన నవ్వాడు. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఘాటుకే అనుకో.

ఇక పని సంగతి. నేను పడవలకు ఎలక్ట్రానిక్స్ బిగించే షాపులో చేరానని తెలుసు కదా. ఇవి చేపల పడవలు కావు. తెరచాప పడవలు, డబ్బున్నవాళ్ళు, సముద్రం పిచ్చి ఉన్నవాళ్ళు కొనుక్కునేవి. నాకు పని నేర్పుతున్న పెద్ద మేస్త్రీ జోసఫ్ చేట్టన్. చేట్టన్ అంటే ఇక్కడ అన్న అని. ఇప్పటిదాకా ఆయన పక్కన ఉండి చేశాను. ఈసారి ఒక పడవ పూర్తిగా నా చేతికిచ్చి, "ఇది నువ్వొక్కదానివే చెయ్యి. బాగా వస్తే నిన్ను పర్మినెంటు చేయమని ఓనరుకి చెప్తాను" అన్నాడు.

ఆ పడవ ఒక రిటైరైన ఓడ కెప్టెన్ గారిది. ఆయనా, ఆయన భార్య లీల టీచరూ ఇద్దరే దాంట్లో లక్షద్వీప్ దాకా వెళ్ళాలని ఎన్నాళ్ళ నుంచో ఆశ. పడవలో చుక్కాని చక్రం దగ్గర ఒక తెర, లోపల మ్యాపుల బల్ల దగ్గర ఒక తెర, గాలీ లోతూ చూపించే చిన్న తెర ఇంకొకటి. తెరచాప కొయ్య పైన గాలి ఎటు నుంచి వీస్తుందో చెప్పేది ఉంటుంది. అడుగున నీళ్ళ లోతు చెప్పేది ఉంటుంది. పడవ ఎక్కడుందో చెప్పేది, దానంతట అదే చుక్కాని తిప్పేది, ఇలా చాలా ఉన్నాయి. ఇదివరకు దేని వైరు దానిదే, ఒకదాని మాట ఇంకొకదానికి తెలిసేది కాదు. ఇప్పుడు అన్నిటినీ ఒకే లైను మీదకి తెచ్చి, ఏ తెరలో చూసినా అన్నీ కనబడేట్టు చేయాలి. అదీ నా పని.

లైను ఎలా వేయాలో చూడగానే నాకు నవ్వొచ్చింది అన్నయ్యా. అచ్చం నువ్వు చేలల్లో వేసే డ్రిప్పే. పడవ ఈ కొస నుంచి ఆ కొస దాకా మెయిన్ పైపులాగా ఒక లావు కేబులు. దాని మీద అక్కడక్కడా చీలిక తీసే టీలు. ఒక్కొక్క టీ నుంచి ఒక్కొక్క మిషనుకి చిన్న కేబులు, మన సాలు పైపుల్లాగా. సెలవుల్లో నీతో చేలకు వచ్చి ఎన్ని టీలు బిగించాను! నేను పొట్టిగా ఉండటం కూడా ఇక్కడ కలిసొచ్చింది. పడవ పొట్టలో సందులుంటాయి, జోసఫ్ చేట్టన్ దూరలేడు, నేను పిల్లిలాగా దూరిపోతాను. వైరు లాగుతుంటే మనసులో నీతో మాట్లాడుకుంటూ లాగాను. నాలుగు రోజులు పట్టే పని మూడింటిలో అయిపోయిందని గొప్పగా చెప్పుకున్నాను కూడా.

లైను కొసలు మూయడానికి చిన్న బిరడాలు వస్తాయి. ప్యాకెట్లో రెండున్నాయి. నేనేం చేశానంటే, కొయ్య వైపు కొసకి ఒకటి బిగించాను. కరెంటు ఎక్కించే టీ రెండో కొసన ఉంది. అటు వైపు బిరడా ఎందుకు? మోటారు ఉన్న వైపు మనం ఎప్పుడైనా బిరడా కొట్టామా? నీళ్ళు వచ్చేది అటు నుంచే కదా. దుమ్ము పడకుండా ప్లాస్టిక్ మూత పెట్టి, రెండో బిరడాని స్పేరు కాబోలు అనుకుని పనిసంచిలో వేసుకున్నాను.

రేవులో కట్టి ఉన్నప్పుడు అన్నీ బాగానే వెలిగాయి. లీల టీచరు ప్రతి తెరనీ ముట్టుకుని మురిసిపోయింది. మర్నాడు సముద్రంలోకి తీసుకెళ్ళి చూశాం. అన్నీ ఒకేసారి పని చేయడం మొదలయ్యేసరికి తెరల మీద అంకెలు పోవడం, రావడం. తిరిగి రేవులోకి వచ్చేటప్పుడు ఒకచోట ఇసుక మేట ఉంది. అక్కడ లోతు చూసుకుంటూ నడపాలి. సరిగ్గా అక్కడే మూడు తెరల్లోనూ లోతు అంకె పోయి గీతలు మిగిలాయి. కెప్టెన్ గారు చూసుకునేలోపే పడవ మెత్తగా బురదలో కూర్చుంది.

ఎవరికీ ఏమీ కాలేదమ్మా, కంగారు పడకు. పోటు వచ్చి నీళ్ళు పెరిగాక పడవ దానంతట అదే లేచింది. కానీ అప్పటిదాకా ఆ బురదలో కూర్చుని కెప్టెన్ గారు నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది. ఒడ్డుకు వచ్చాక జోసఫ్ చేట్టన్‌తో మాత్రం, "ఈ లైను నమ్ముకుని నా భార్యని సముద్రం మధ్యకి తీసుకెళ్ళమంటావా?" అన్నారు. చేట్టన్ నా వైపు తిరిగి, "రేపటిలోగా ఎక్కడుందో కనిపెట్టు మోళే. లేకపోతే వేరే మనిషిని పిలవాలి. అప్పుడు నీ గురించి ఓనరుకి నేనేం చెప్పను?" అన్నాడు.

మర్నాడు పొద్దున్నుంచి ప్రతి టీ విప్పి బిగించాను. కేబుళ్ళు మార్చాను. ఏమీ తేలలేదు. మధ్యాహ్నం రేవు మెట్ల మీద కూర్చుని నీకు ఫోన్ చేశాను. నాకు ఉద్యోగం పోతుందని కాదు అన్నయ్యా అంత ఏడుపు. నన్ను పంపేటప్పుడు పెదనాన్న అరుగు మీద కూర్చుని అన్న మాట గుర్తొచ్చింది. "ఆడపిల్లని ఎవరన్నా అంత దూరం పంపుతార్రా? పడవల్లో దానికేం పని?" అన్నాడు. నువ్వు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "నా చెల్లెలు నాతో సమానంగా పైపులు మోసింది. వైర్లు లాగలేదా? లాగలేకపోతే అప్పుడు నన్నడుగు" అన్నావు. నేను పెట్టె సర్దుకుని తిరిగొస్తే ఆయన అడిగేది నిన్నే. అది తలుచుకుంటే దుఃఖం ఆగలేదు.

నువ్వు ఎందుకు, ఏమిటి అని అడగలేదు. "సరేలే, వచ్చెయ్యమ్మాయ్. మన ఇల్లు ఎక్కడికీ పోలా. ముందు అన్నం తిన్నావా?" అన్నావు. తర్వాత నన్ను మరిపించడానికి నీ పని సంగతి మొదలెట్టావు, గుర్తుందా? చలమారెడ్డి గారి చేలో డ్రిప్పు సంగతి. నీ మాటలు నాకు ఇంకా చెవిలో ఉన్నాయి.

"బోరు చేను మధ్యలో పడిందమ్మాయ్. నీళ్ళు అటూ పోవాల, ఇటూ పోవాల. మనోళ్ళు ఎప్పటిలాగే ఒక కొసన బిరడా కొట్టి మోటారేశారు. రెండో కొస నుంచి నీళ్ళన్నీ గట్టు మీదకి ఎల్లిపోయినయ్. సాలు పైపుల్లో చుక్క లేదు. ఒరేయ్, పైపుకి తలేది తోకేదని చూడబాకండ్రా, నీళ్ళు ఎన్నేపులకి పోతే అన్నేపులా మూయండ్రా అని తిట్టా..."

అక్కడే ఫోన్ కట్ చేశాను.

నా లైనులో నీళ్ళు పారవు అన్నయ్యా, మాటలు పారతాయి. లోతు చెప్పేది మధ్యలో నుంచి మాట్లాడుతుంది, గాలి చెప్పేది కొయ్య దగ్గర నుంచి మాట్లాడుతుంది. ప్రతి దాని మాటా అటూ పోతుంది, ఇటూ పోతుంది. కరెంటు ఎటు నుంచి ఎక్కిందన్నది లెక్కే కాదు. కొస తెరిచి ఉంటే మాట అక్కడ తగిలి వెనక్కి తిరిగొచ్చి, ఎదురొచ్చే మాటతో కలిసి గందరగోళమైపోతుంది. ఆ బిరడా లోపల ఉన్నది మాటని అక్కడితో ఆపడానికే. నేను చదువుకున్నదే ఇదంతా. కానీ చేతులు చదువు మాట వినలేదు, చేలో అలవాటైన మాటే విన్నాయి.

పరిగెత్తుకుంటూ వెళ్ళి పడవ పొట్టలో దూరాను. అక్కడ ఫోను పనిచేయదు, అందుకే నీ ఫోన్లు నాకు తెలియలేదు. సంచి అడుగున టేపు చుట్ట కింద ఉంది రెండో బిరడా. మూత తీసి అది బిగించాను. అన్నీ ఒకేసారి ఆన్ చేసి కూర్చుని చూశాను. ఒక్క అంకె కూడా పోలేదు. అక్కడే మోకాళ్ళ మీద ఉండి ప్రార్థన చేసుకున్నాను. ఆ సందులో లేచి నిలబడటానికి చోటు కూడా లేదులే.

జరిగింది జరిగినట్టు కెప్టెన్ గారికి చెప్పాను. ఆయనకి డ్రిప్పు అర్థం కాకపోతే కాగితం మీద మన చేను, బోరు, పైపులు గీసి చూపించాను. లీల టీచరు నవ్వడం మొదలెట్టింది. కెప్టెన్ గారు నవ్వలేదు గానీ, "రేపు మళ్ళీ వెళదాం. నువ్వూ రా" అన్నారు. వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు ఇసుక మేట దగ్గర చుక్కాని చక్రం నా చేతికిచ్చి, "నీ తెర చూసి నువ్వే నడుపు" అన్నారు. చక్రం గట్టిగా పట్టుకుని తెర మీదే కళ్ళు పెట్టాను. అంకెలు ఎక్కడా పోలేదు. జోసఫ్ చేట్టన్ ఆ సాయంత్రమే ఓనరుతో మాట్లాడాడు. ఇక పర్మినెంటే. పెదనాన్నకి ఈ సంగతి నువ్వే చెప్పు, గట్టిగా, అరుగు మీద నలుగురూ ఉన్నప్పుడు.

ఇన్ని మంచి మనసుల మధ్య పడేసినందుకు దేవునికి రోజూ స్తోత్రం చెప్పుకుంటున్నాను. నీకు మాత్రం ఇంతవరకు చెప్పలేదు. తప్పు నీ దగ్గర నేర్చుకున్న పనితోనే చేశాను, దిద్దుకున్నదీ నీ మాటతోనే. నువ్వు నాకు చలమారెడ్డి గారి చేను గురించి చెప్పావు, నీకు తెలిసింది అంతే.

చిన్న చిన్న కోరికలు. వదిన పట్టిన గోంగూర పచ్చడి, కొత్త కారం ఎవరైనా ఇటు వస్తుంటే పంపండి. ఓనరమ్మకి కూడా కొంచెం ఇవ్వాలి, కాబట్టి డబ్బా పెద్దది చూడండి. కీర్తన తన చేతితో ఒక పడవ బొమ్మ గీసి పంపాలి. గుడిలో పాస్టరయ్యగారికి, పెదనాన్నకు, పెద్దమ్మకు నా వందనాలు. అమ్మా, నా కోసం ప్రార్థన చేయడం మానకు.

ఒక్కటి చెప్పి ముగిస్తాను. కెప్టెన్ గారూ లీల టీచరూ మొన్న లక్షద్వీప్ బయలుదేరారు. వెళ్ళేముందు ఆవిడ, "ఈ లైనుకి ఒక పేరు పెట్టు, తెర వెలగగానే కనబడాలి" అంది. ఇంగ్లీషు అక్షరాల్లో "యోహాను" అని కొట్టాను. ఎవరని అడిగితే మా అన్నయ్య అన్నాను. ఇవాళ పొద్దున క్షేమంగా చేరామని మెసేజీ పంపింది, దారిలో తీసిన తెర ఫోటోతో సహా. దాంట్లో పైన నీ పేరు, కింద లోతు అంకె ఉండాల్సిన చోట గీతలు. మళ్ళీ ఏ కొస వదిలేశానా అనుకున్నాను. కింద ఆవిడ రాసింది, "భయపడకు మోళే, అక్కడ మిషనుకి అందనంత లోతు" అని. గుడి వాళ్ళతో కొత్తపట్నం సముద్రానికి వెళ్ళినప్పుడు మోకాలి లోతు దాటి దిగనన్నావు, నేను చెయ్యి పట్టి లాగినా రాలేదు. చూశావా అన్నయ్యా, ఎంత దూరం వెళ్ళావో.

మీ అందరి దీవెనలు కోరుతూ,
రెండు కొసలూ మూయడం నేర్చుకున్న
నీ చెల్లెలు
సుగుణ