చూడని ఇంటికి అప్పు

పిన్నిగారికి నమస్కారాలు.

నేను కళ్ళజోళ్ళ దుకాణం మూసి వచ్చేసరికి మీరు పడుకుంటున్నారు కాబట్టి ఈ ఉత్తరం మీ తలుపు కింద పెడుతున్నాను. ఇంటి అప్పు కోసం బ్యాంకుకు వెళ్ళాను. నేను మీకు అద్దె వేళకు కడుతున్నానని మీరు నాలుగు ముక్కలు రాసివ్వాలట. అక్కడి ఆఫీసరు కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని నన్ను దొంగను చూసినట్టు చూశాడు. ఆ కళ్ళజోడు బిగించింది నేనే. విశ్వాసం లేని మనిషి.

ఇట్లు,
మీ పై వాటా అబ్బాయి

తా.క.: ఈసారి బాగుకు తెస్తే వదులుగానే బిగిస్తాను.

*

అబ్బాయికి ఆశీస్సులు.

ఇల్లు కొన్నావన్నమాట. తొమ్మిదేళ్ళు ఒకే మెట్లెక్కి దిగిన వాళ్ళం, ఆ ముక్క నాకు నోటితో చెబితే నీ సొమ్మేం పోయింది? మీ పాప రోజూ నా గుమ్మంలోనే చెప్పులు విడుస్తుంది. దానికి కూడా చెప్పొద్దన్నారా? నన్ను వదిలి వెళ్ళడానికి నేనే కాగితం రాసివ్వాలా? రాయను. నాకూ పౌరుషం ఉంది. గేటుకు "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అని బోర్డు కట్టించాను.

ఇట్లు,
కింది వాటా పిన్ని

తా.క.: ఎవరైనా వస్తారని కాదు. నీకు కనబడాలని.

*

పిన్నిగారికి,

వచ్చారు. నిన్న మా ఆవిడ స్నానం చేసి వచ్చేసరికి ఎవరో ముసలాయన మా మంచం మీద కూర్చుని, గాలి బాగా వస్తోందని మెచ్చుకుంటున్నాడు. ఆయన భార్య మా వంటింటి అలమారలో డబ్బాలు జరిపి లోతు కొలుస్తోంది. పొమ్మనలేక పొగబెట్టడం విన్నాను గానీ, పొగతోపాటు మనుషుల్ని కూడా పంపుతారా?

నేను ఇల్లు కొనలేదు. అసలు చూడనే లేదు. పోయిన నెల ఒకదానికి వెళితే, బ్యాంకు ఎంత ఇస్తుందో రాయించుకు రాకుండా ఇళ్ళు చూడటమేమిటని అమ్మేవాడు గుమ్మంలోంచే పంపేశాడు. అందుకే ముందు బ్యాంకు ఆమోదం, తర్వాత ఇల్లు.

ఇట్లు,
పై వాటా

తా.క.: మంచం కూడా అద్దెలో కలిసిందేనా అని ముసలాయన అడిగి వెళ్ళాడు.

*

అబ్బాయికి,

ఈసారికి ఆశీస్సులు లేవు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, చూడని ఇంటికి అప్పా? నా చెవిలో పువ్వులు పెట్టకు. దుకాణం నష్టాల్లో పడిందని నాకు అర్థమైంది. మీ మామగారికి ఫోన్ చేసి మెల్లిగానే చెప్పాను. పాపం, ఆయన వెంటనే బస్సు వేళలు కనుక్కుంటానన్నారు.

ఇట్లు,
పిన్ని

తా.క.: ఈ నెల అద్దె ఇవ్వకు. జాలిపడి అంటున్నాననుకునేవు, కోపంగానే అంటున్నాను.

*

పిన్నిగారికి,

మామగారు తెల్లారేసరికి బస్సు దిగారు. నేరుగా దుకాణానికి వెళ్ళి, జప్తు నోటీసు ఉందేమోనని షట్టరంతా వెతికారట. అప్పటినుంచి మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు, ఆయన మాట్లాడటం ఆపడం లేదు. నలుగురిలో నా పరువు తీశారు.

మీరు కాగితం ఇవ్వకపోయినా అద్దె రసీదులు చూసి బ్యాంకు ఆమోదించింది. ఇంత వరకూ ఇస్తామన్నారు, అంతే. ఇల్లు దొరికితేనే అప్పు, లేకపోతే లేదు. ఆ మాత్రానికి ఇంత రభసా?

మీ మీద అలిగి వెళ్ళడం కాదు పిన్నిగారూ. పాప ఎదుగుతోంది. పరీక్షలకు మెట్ల మీద కూర్చుని చదువుకుంటోంది. ఇంకో గది కావాలి.

ఇట్లు,
పై వాటా అబ్బాయి

తా.క.: అద్దె ఇందులోనే పెట్టాను. నేనూ కోపంగానే పెట్టాను.

*

అబ్బాయికి ఆశీస్సులు.

గది కావాలన్న సంగతి ముందే ఏడవకూడదూ? నీ ఉత్తరం చదవగానే చీర మార్చుకుని అదే బ్యాంకుకు వెళ్ళాను, డాబా మీద ఆ గదేదో నేనే వేయించేద్దామని. ఇల్లు నాది, నాకేం భయం అనుకున్నాను.

ఆ ఆఫీసరు నా రాబడి ఏమిటని అడిగాడు. పై వాటా అద్దె అన్నాను. ఎవరుంటున్నారన్నాడు. గొప్పగా నీ పేరు చెప్పాను. ఆయన కళ్ళజోడు దించుకుని, "ఆయనకి ఇంటి అప్పు ఆమోదించింది నేనేనమ్మా. ఆయన వెళ్ళిపోతే మీకింకేం ఉంటుంది?" అన్నాడు.

డబ్బు సంగతే అడిగాడులే. అయినా అప్పు మాట వదిలేసి లేచాను. బయటికొచ్చి బ్యాంకు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, ఎవరు చూస్తే నాకేంటి.

బోర్డు విప్పేశాను. ఆదివారం ఇళ్ళు చూడటానికి నేనూ వస్తాను. గోడల్లో చెమ్మ కనిపెట్టడం నీకు చేతకాదు.

ఇట్లు,
పిన్ని

తా.క.: నాకు ఏ ఇల్లూ నచ్చదు. ముందే చెబుతున్నాను.