ఉదయకిరణ్‌కు నా కీబోర్డు

నరసాపురం వాస్తవ్యులు కీర్తిశేషులు పెనుమాక యోబు కుమారుడనూ, ప్రస్తుతం సౌదీలో అల్ ఖోబర్, అల్ అజీజియాలో ఉంటున్నవాడినీ అయిన ఇస్సాక్ అనే నేను స్వదస్తూరీతో రాస్తున్న వీలునామా. గుండె పాడైందని డాక్టరు అన్నాడు గానీ బుర్ర పాడైందని ఎవడూ అనలేదు. నా మీద ఎవరి ఒత్తిడీ లేదు. ఒత్తిడి చేసేంత ప్రేమ కూడా ఎవరికీ లేదు.

1. దీని అమలు బాధ్యత ఖతీఫ్‌లో నర్సుగా ఉన్న నా మేనకోడలు ప్రేమలతది. కింద వేరే చెప్పినవి తప్ప నా చరాస్తి అంతా ఆమెకే. మా శుక్రవారం ప్రార్థన కూటంలో అందరి ముందూ దీన్ని ఒక్క ముక్క వదలకుండా బిగ్గరగా చదవాలి.

2. నా పెట్టుడు పళ్ళు, ఈమధ్య తబూక్‌కు మారిపోయిన ప్రభాకర్‌కు. ఎందుకో నాలుగో అంశంలో తెలుస్తుంది.

3. చనిపోయిన నా భార్య మార్తమ్మ ఉన్ని శాలువా, పక్కింట్లో పనిచేసే కడప పిల్ల హసీనాకు. నాకు జ్వరమొచ్చినప్పుడు వాళ్ళ మేడం కంటపడకుండా గోడ మీంచి మరమరాల ఉగ్గాని అందించింది. ఆ ఇంట్లో ఏసీకి ఎప్పుడూ వణుకుతూ ఉంటుంది పాపం.

4. నా కీబోర్డు, స్టాండుతో సహా, కూటంలో వాయించే ఉదయకిరణ్‌కు.

కిటికీలు మూసి, గొంతు తగ్గించి పాడుకునే ఆ కూటంలో ఇన్నేళ్ళూ పాట ఎత్తింది నేను. తరువాత వీడొచ్చాడు. చరణానికీ చరణానికీ మధ్య కాస్త వాయించి ఆపరా అంటే, ఎక్కడెక్కడో తిరిగొస్తాడు. ఒక శుక్రవారం ఎక్కడ అందుకోవాలో తెలియక నోరు తెరిచి నిలబడిపోయాను. అందరికంటే ముందు నవ్వింది ప్రభాకర్. ఇంకా నవ్వాలనుంటే ఆ పళ్ళు పనికొస్తాయి.

మద్రాసులో ఎవరో ముసలి ఆర్గనిస్టును వినాలని వీడు నెల సెలవు మీద వెళ్ళి నాలుగు నెలలకు తిరిగొచ్చాడు. పెద్దలం కూర్చోబెట్టి అడిగితే, "అంత పెద్ద సంగీత విద్వాంసుడు బాక్ కూడా కుర్రప్పుడు చర్చిలో ఆర్గను వాయిస్తూ ఇలాగే సెలవు దాటించేశాడండి తాతయ్యా. వాళ్ళ పెద్దలూ ఇలాగే చివాట్లేశారు" అన్నాడు. "మీ బాక్‌కి ఇకామా పర్మిట్టు లేదు, వీసా ఇచ్చిన కఫీలు లేడు, నోర్మూసుకుని కూర్చో" అన్నాను. అందరూ నవ్వారు, కానీ నా మాటకు కాదు, వాడి వైపు చూసి వాడి మాటకు నవ్వారు. ఆ తరువాత నన్ను పాట ఎత్తమని ఎవరూ అడగలేదు. అసూయా అంటారేమో. అవును, అసూయే. చచ్చేవాడికి సిగ్గేంటి?

గుంటూరులో ఒక చర్చి వాడిని ఆర్గనిస్టుగా తీసుకుంటానంటోంది. వేసవిలో వాళ్ళ ముందు వాయించి చూపించాలట. సాధన చేసుకోవడానికి నా కీబోర్డు తప్ప వాడికి వేరే గతి లేదు. అందుకని ఈ అంశం చదివాక ప్రేమలత కాసేపు ఆగాలి. వాడి మొహం బాగా వెలగనివ్వాలి.

5. అప్పుడు ఇది చదవాలి. వీలునామాకు సాక్షి సంతకం పెట్టినవాడికి అందులో రాసిన ఆస్తి దక్కదని మా ఊరి లాయరు ఫోనులో చెప్పాడు. కాబట్టి సాక్షుల్లో ఒకడు ఉదయకిరణ్. నేను మంచం పట్టినప్పటినుంచి రోజూ జావ కాచి తెస్తున్నాడు, కాసేపట్లో వస్తాడు. కాగితం మడిచి సంతకం చోటు మాత్రమే చూపిస్తాను. పెద్దవాళ్ళ కాగితాలు చదవడం తప్పనుకునే రకం వాడు, విప్పి చూడడు. వాడికి దక్కని కీబోర్డు ప్రేమలత మూడేళ్ళ కొడుక్కి, గరిటెతో వాయించుకోవడానికి. ప్రేమలతా, జాలిపడి చాటుగా వాడి చేతికిచ్చావంటే నేను నీకు మేనమామను కాను.

అల్ అజీజియా, అల్ ఖోబర్
14 నవంబరు 2025, శుక్రవారం

(సంతకం) పెనుమాక ఇస్సాక్

సాక్షులు:

1. (సంతకం) స్వామి, నా గదిలో ఉండే ఎలక్ట్రీషియను

2. (సంతకం) ఉదయకిరణ్

తాతయ్యా, మీరు నిద్రపోతున్నారని లేపలేదు, మడిచిన కాగితం మీద స్వామి అన్న చూపించిన చోట సంతకం పెట్టాను. జావ ఫ్లాస్కులో ఉంది. త్వరగా కోలుకోండి. క్రిస్మస్‌కి పాట మీరే ఎత్తాలి. మధ్యలో నేనేం వాయించను, ఒట్టు.