ఉలవకట్టులో నెయ్యి

అక్కా,

అమ్మ బాగుందా? నాయనకు దగ్గు తగ్గిందా? మా ఆయనకు కాళ్ల వాపు పోయిందా? నీ కడుపునొప్పి ఇప్పుడు లేదు కదా? మీరంతా అక్కడ ఒకచోటే ఉంటారని అడుగుతున్నాను.

నీకొచ్చిన నొప్పే నాకూ వచ్చింది. కుడివైపు పక్కటెముకల కింద పట్టుకుని వీపులోకి పోతుంది. నీకు చేసినట్టే ఉలవకట్టు కాచి, నిండు గరిటె నెయ్యి పోసుకుని నెల రోజులు తాగాను. తాగినప్పుడల్లా నొప్పి పెరిగింది. చిక్కబళ్లాపురం డాక్టరు చూసి, పిత్తం సంచిలో రాళ్లున్నాయి, బెంగళూరు ఆసుపత్రిలో కోసి తీయాలన్నాడు.

"ఉలవలకు ఈ రాయి కరగదమ్మా. ఆ నెయ్యే నీకు నొప్పి తెస్తాండాది" అన్నాడు.

నీకు పోసింది నేనే. నువ్వు చాలంటున్నా, బలం రావాలని ఇంకో గరిటె పోశాను.

ఈరోజు నీ తిథి. మీ వెంకటేశు నా ఒబ్బట్టు మీద నెయ్యి వంచబోతే, ఆకుకు చెయ్యి అడ్డం పెట్టి అంతా చెప్పేశాను. వాడు నేతిగిన్నె తీసి దూరంగా పెట్టాడు.

"అమ్మకు నేనూ పోసినా చిన్నమ్మా" అన్నాడు. తర్వాత, "బెంగళూరుకు నీతో నేనే వస్తా. ఒక్కదానివే పోతే ఆ డాక్టరుకే దిగులు పట్టిస్తావు" అన్నాడు.

మత్తు ఇచ్చాక లేస్తానో లేదో, ఆవును ఎవరు పితుకుతారో అని నాకు దిగులుగానే ఉంది. వచ్చే బుధవారం పొద్దున రైలుకు చింతామణి నుంచి వాడూ నేనూ ఆసుపత్రికి బయలుదేరుతున్నాం.