సమీరా ఆగిన పేజీ

షాహినా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ పేరిట ఫాతిహా చదివించి, దర్జీ కొట్టు తెరవకుండా మన సమీరా బడికి వెళ్లాను. బోగోలులో నువ్వు పట్టుబట్టి చేర్పించిన బడే. అక్కడ ఏ బిడ్డ పాఠం ఆ బిడ్డదే, ఎవరినీ తొందరపెట్టరని నువ్వు చెబితే అప్పట్లో నవ్వాను.

తోటి పిల్లలు మూడో పుస్తకం చదువుతున్నారు. మన పాప ఇంకా మొదటి పుస్తకంలోనే ఉంది. నాకు కోపం వచ్చింది.

"ఏడాదంతా ఏం చెప్పినారు టీచరమ్మా?" అని నిలదీశాను.

"వాళ్లమ్మ పోయినాక పుస్తకం ముట్టలేదన్నా. మేమూ బలవంతం చేయలేదు. ఆపిన పేజీలో గుర్తు పెట్టి ఉంచినాము. మొన్న సోమవారం తనే వచ్చి అడిగి తీసుకునింది," అని ఆమె నెమ్మదిగా చెప్పింది.

వెళ్లి చాప మీద పాప పక్కన కూర్చున్నాను. వేలు పెట్టి చదువుతూ ఒక పదం దగ్గర ఆగిపోయింది. అందించబోయి ఊరుకున్నాను. చాలాసేపటికి తనే కూడబలుక్కుని చదివింది.

"అబ్బా, నేను చదివినానని అమ్మీకి చెప్తావా?" అని నన్నడిగింది. ఈ ఏడాదిలో నీ మాట ఎత్తడం అదే మొదటిసారి.

చెప్తానని మాటిచ్చాను. చెప్పాను, షాహినా.