అల్లం చేని పైమట్టి

చిరంజీవి ధరణికి, నాయన మనసారా దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ అమ్మా చల్లగా ఉన్నాము. తిరుపతి వ్యవసాయ కాలేజీలో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాము. ఫోనులో చెబుదామంటే, సంతోషం ఎక్కువైతే నాకు మాట రాదు. అందుకే ఉత్తరం.

మన అల్లం బాగా ఊరింది తల్లీ. నిన్న ఒక దుబ్బు పెరికి చూస్తే మీ అమ్మ రెండు చేతులా పట్టలేకపోయింది. ఇంటికి తెచ్చి, కడిగి, దేవుని గూట్లో పెట్టింది. నన్ను వాసన చూడనిచ్చింది గానీ తాకనివ్వలేదు.

ఆకులు పసుపు తిరిగాయా అని అడిగావు. తిరగలేదు. నాటేటప్పుడే ఎరువంతా గుమ్మరించే నేను, ఈసారి నీ మాట విన్నాను. మొలకకు మొదట విత్తనపు దుంపే అన్నం పెడుతుంది, వేళ్లు సాగి పిలకలు వేశాకే అది నేలను అడుగుతుంది అన్నావు కదా. అలాగే పిలకలప్పుడు కొంచెం యూరియా, దుంప ఊరేటప్పుడు పొటాషు వేసి, మట్టి ఎగదోసి, కానుగాకు కప్పాను. ఆకలి లేనప్పుడు కుక్కి, ఆకలైనప్పుడు పస్తు పెడితే ఏ బిడ్డ మాత్రం ఎదుగుతుంది?

నీకు చెప్పని సంగతి ఒకటుంది. చేను సత్తువ చచ్చిందనుకుని, ఈ పంట తీయగానే పైమట్టి తవ్వుకొమ్మని ఇటుకబట్టీ దేవరాజులుకు మాట ఇచ్చి ఉన్నాను. నువ్వు మట్టి పరీక్ష చేయించి, చేనులో సత్తువ ఉందని రాసిన రోజు కూడా నోరు విప్పలేదు. నిన్న దుబ్బు పెరికిన కాసేపటికే అతను కొలతలకు వచ్చాడు.

"మట్టి ఇయ్యనప్పా," అన్నాను.

"మరి ఇచ్చిన మాట యాడికి పోయింది? కాణిపాకానికి రా. మాట ఇయ్యలేదని సామి ముందర ప్రమాణం సెయ్యి."

"ఇచ్చినాను గదప్పా. లేదని ఎట్ల సెప్పేది?"

"అయితే తప్పినానని నలుగురిలో ఒప్పుకో. వదిలేస్తా."

మీ అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఈయప్ప తప్పు ఒప్పుకునేది నేనింతవరకు సూసిందే లేదు. నేనూ వస్తా," అంది. దేవరాజులుకు కోపంలోనూ నవ్వొచ్చింది.

రేపు ఐరాల బస్టాండు టీ అంగడి దగ్గర ఒప్పుకోబోతున్నాను. ఇన్నేళ్లలో నన్ను మాట తప్పినవాడని ఎవరూ అనలేదు. కొంచెం సిగ్గేసింది. పొద్దున చేనికి పోయి ఒక పిడికెడు మట్టి చేతిలోకి తీసుకుని చాలాసేపు నిలబడ్డాను. అననీలే అనిపించింది. ఇంటికొచ్చి, పెళ్లిళ్లకు తొడిగే తెల్లచొక్కా తీసి ఇస్త్రీకి ఇచ్చాను.

ఇట్లు,
నీ నాయన
మునిరత్నం